కాయల గదిలో గ్రాఫిక్స్ కార్డు

మా అత్తగారు పోయారు. పొద్దున్నే కాయ కోత చూడ్డానికి తోటకి వెళ్ళి, నీడన కూర్చుని, మళ్ళీ లేవలేదు. కోత మేస్త్రీ ఫోన్ చేసేసరికి నేను ఇంట్లో కంప్యూటర్ ముందున్నాను. "అమ్మగారు పలకట్లేదండి, మీరూ అబ్బాయిగారూ ఉన్నపళంగా రండి" అన్నాడు. మేం వెళ్ళేసరికి ఆవిడ చెట్టు మొదలుకి ఆనుకుని అలాగే ఉన్నారు. ఒళ్ళో ఒక చిన్నరసం మామిడికాయ ఉంది. కాయ కోసే వల చిక్కంలోంచి జారిపడితే, దెబ్బ తగిలిందో లేదో చూద్దామని చేతిలోకి తీసుకున్నారట.

ఆ పొద్దున ఇంట్లోంచి బయల్దేరే ముందు ఆవిడ నన్ను రోజూ అడిగే మాటే అడిగారు. "మాగిందా బొమ్మ?" ఇంకా లేదత్తయ్యా, మీరొచ్చేసరికి అవుద్ది అన్నాను. సరేనని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

ఆ బొమ్మ ఏమిటో, అది మాగడమేమిటో మీకు తెలియాలంటే మా ఇంట్లోకి గ్రాఫిక్స్ కార్డు వచ్చిన సంగతి చెప్పాలి. పోయిన మనిషిని తలుచుకుంటూ ఈ కంప్యూటర్ గోలేమిటని మీరు అనుకోవచ్చు. ఆవిడ పూజల గురించో, పెట్టిన భోజనాల గురించో రాస్తే అందరికీ బాగానే ఉంటుంది. కానీ ఆవిడ పూజలు అంతంతమాత్రం, వంట అంతకన్నా అంతంతమాత్రం. ఆవిడ పట్టుదల ఎలాంటిదో, నేనంటే ఆవిడకి ఏమిటో నాకు తెలిసింది మాత్రం ఆ కార్డు దగ్గరే.

నేను పుట్టి పెరిగింది బెజవాడలో. కట్టబోయే ఇల్లు పూర్తయ్యాక ఎలా ఉంటుందో, గోడ మీద ఎండ పడితే ఎలా కనిపిస్తుందో ముందే కంప్యూటర్లో బొమ్మగా చేసి చూపించడం నా పని. పెళ్ళయ్యాక ఆగిరిపల్లి దగ్గర మా అత్తవారి ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. పాప పుట్టాక మానేశాను. పాపకి మాటలొచ్చేనాటికి నాకు ఊపిరాడలేదు. పాత ఆఫీసులో మేడమ్‌కి ఫోన్ చేసి, ఇంటి నుంచే చేస్తాను, పని ఇవ్వండి అని అడిగాను. ఇస్తాను, కానీ ముందు ఒక ఇంటి బొమ్మ పూర్తిచేసి నెలాఖరులోగా పంపు, నీ కంప్యూటర్ తట్టుకుంటుందో లేదో నాకు తెలియాలి కదా అన్నారు. నా పని నాకు తిరిగి వస్తుందా, శాశ్వతంగా పోతుందా అన్నది ఆ ఒక్క బొమ్మ మీదికొచ్చింది.

మా ఇంట్లో ఉన్నది మా వారు కాలేజీలో ఉండగా కొన్న కంప్యూటర్. సినిమాలు చూసుకోవడానికి బాగానే ఉండేది. నా ఫైలు తెరిస్తే తెర బిగుసుకుపోయేది. ఎంత బతిమాలినా కదిలేది కాదు. మా వారు మంచి మనిషే కానీ ఆయన దగ్గర ఏ సమస్యయినా 'చూద్దాంలే' అన్న స్టేషన్లో ఆగిపోతుంది. ఇంటికొచ్చిన చుట్టాలందరిదీ ఒకటే సలహా. పాప ఇంకా చిన్నది కదా, కొన్నాళ్ళు అడ్జస్ట్ అవ్వు.

మా అత్తగారు ఆవకాయకి కాయలు తుడుస్తూ ఇవన్నీ వింటూ ఉండేవారు. ఒక రోజు చుట్టాలు వెళ్ళిపోయాక, తల ఎత్తకుండానే అడిగారు. "అమ్మాయ్, నీ పని నువ్వు చేసుకోవాలంటే ఏం కావాలి?"

గ్రాఫిక్స్ కార్డు కావాలన్నాను. అంటే ఏమిటన్నారు. బొమ్మలో వెలుగూ నీడా లెక్కగట్టడానికి కంప్యూటర్లో బిగించే విడి భాగమని, మామూలు కంప్యూటర్‌కి ఆ బరువు మోసే శక్తి ఉండదని చెప్పాను. మోయలేని గొడ్డు మీద ఎన్నాళ్ళని బరువేస్తారు, రేపే వెళ్దాం పదమన్నారు. నేను నమ్మలేదు. మా ఇంట్లో 'రేపే' అన్న మాట వినడం అదే మొదలు.

వెళ్ళేముందు కంప్యూటర్ పెట్టె విప్పించారు. లోపల ఎంత చోటుందో నేను టేపుతో కొలిచి అంకె రాసుకున్నాను. ఆవిడకి అంకె చాల్లేదు. చీపురులోంచి ఒక ఈనెపుల్ల లాగి, కార్డు కూర్చునే చోట పెట్టి, సరిగ్గా అంత వరకు తుంచి, బొడ్లో దోపుకున్నారు. మా ఇంట్లో కొలతలన్నీ అలాగే. తలుపు గొళ్ళెం దగ్గర్నుంచి పాప గౌను వరకు అన్నిటికీ ఒక పుల్ల తుంచుతారు. పాత కరెంటు డబ్బా, అదే కంప్యూటర్‌కి లోపల కరెంటు అందించేది, కొత్త కార్డుకి చాలదని నేను చెబితే, అదీ కొత్తది కొందామన్నారు. కొత్త గేదెని తెచ్చేముందు గడ్డివామి చూసుకోవద్దా అని నన్నే అడిగారు.

హనుమాన్ జంక్షన్లో లారీ సామాన్ల కొట్ల వరసలో ఒక కంప్యూటర్ షాపు ఉంది. ఆవిడని స్కూటీ వెనక ఒక పక్కకి కూర్చోబెట్టుకుని వెళ్ళాను. దారంతా పక్క తోటల కాపు మీద వ్యాఖ్యానం. షాపాయన నడివయసు మనిషి, మర్యాదస్తుడు. మూడు ఫ్యాన్లు, రంగురంగుల లైట్లు ఉన్న కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. నిజం చెప్పొద్దూ, నా మనసు దాని మీదే పడింది. మా అత్తగారు బొడ్లోంచి పుల్ల తీసి దాని పక్కన పెట్టారు. కార్డు పుల్లని దాటి నాలుగు వేళ్ళు పొడుగుంది.

"కొంచెం లోపల రేకు వంచితే అడ్జస్ట్ అవుద్దండి" అన్నాడు షాపాయన.

"అడ్జస్ట్ అయ్యేది మనుషులండి. ఇనుప పెట్టె కాదు" అన్నారు మా అత్తగారు.

అని నా వంక చూశారు. ఇన్నాళ్ళూ చుట్టాల సలహాలు ఆవిడకి ఎంత గుచ్చుకున్నాయో అప్పుడర్థమైంది.

తర్వాత నేను చూసుకుని ఎంచాను. రెండు ఫ్యాన్లది, పొట్టిది, లైట్లు లేనిది. దానికన్నా వేగంగా నడిచేది ఇంకోటుంది కానీ దాని సొంత మెమరీ తక్కువ. నా బొమ్మల్లో చెట్లు, గడ్డి, మెట్లు, కిటికీలు అన్నీ ఒకేసారి కార్డు నెత్తిన పెట్టుకోవాలి. మెమరీ చాలకపోతే ఎంత వేగమున్నా మధ్యలోనే ఆగిపోతుంది. ఈ మాట ఆవిడకి చెబితే, పరుగు పందేనికి కాదు, బండి నిండా మోయడానికి ఎద్దు కావాలంటావు, అంతే కదా అన్నారు. అంతే. ఇక బేరం ఆవిడ చేశారు. డబ్బు సంగతి ఇక్కడ రాయను. ఆవిడ ఉంటే రాయనివ్వరు.

ఇంటికొచ్చాక కంప్యూటర్ ఎక్కడ పెట్టాలన్నది వచ్చింది. కాయల గదిలో అన్నారు. మా ఇంట్లో ఉత్తరం వైపు ఒక చీకటి గది ఉంది, మందపాటి గోడలు, ఎండ తగలదు. ఏటా ఎండాకాలం ఇంటికీ, బంధువులకీ కావలసిన కాయలు ఆ గదిలోనే వరిగడ్డి పరిచి మాగబెడతారు. అప్పటికే సగం గది నిండా రసాలూ బంగినపల్లి కాయలూ గడ్డిలో పడుకుని ఉన్నాయి. మిగతా సగం నాకిచ్చారు. ఇల్లంతటికీ చల్లటి గది అదేనని ఒక కారణం చెప్పారు. రెండో కారణం నెమ్మదిగా చెప్పారు. "తలుపేసుకుంటే నువ్వు పనిలో ఉన్నట్టు. నిన్నెవరూ మజ్జిగ అడగరు."

కార్డు బిగించడానికి ఇద్దరం నేల మీద కూర్చున్నాం. కరెంటు తీసేసి, పెట్టెని పక్కకి పడుకోబెట్టి, ముందు కరెంటు డబ్బా మార్చాను. కార్డుని పట్టుకునేముందు పెట్టె ఇనుముని ఒకసారి తాకాలి, మన ఒంట్లో చేరిన కరెంటు కార్డుకి తగిలితే పాడవుతుందని చెప్పాను. దీనికి మడి ఎక్కువే అన్నారు. అని శ్రద్ధగా ఇనుముని తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకున్నారు. ఆ తర్వాత ఎన్నేళ్ళయినా, ఆ గదిలోకి ఎప్పుడొచ్చినా, పెట్టె మూసున్నా సరే, తాకకుండా పోయింది లేదు. అక్కర్లేదత్తయ్యా అని నేను కూడా చెప్పడం మానేశాను.

కార్డుని దాని గాడిలో పెట్టి నొక్కాలి. కింద ఉన్న మదర్‌బోర్డు విరుగుతుందేమోనని సగం నొక్కి ఆపేశాను. ఆవిడ నా చేతి మీద చెయ్యి వేయలేదు, సాయం పట్టలేదు. పక్కనుంచి ఒక్క మాట అన్నారు. "భయపడి నొక్కితే వంకరపోద్ది. తిన్నగా నొక్కు, కూర్చుంటది." తిన్నగా నొక్కాను. టిక్కుమని కూర్చుంది. ఆ చప్పుడుకి ఆవిడ నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. కార్డు బరువుకి ఒక చివర కాస్త వాలితే, కాపుకి వంగిన కొమ్మకి ఊతకర్ర పెట్టినట్టే, చిన్న వెదురు ముక్క చెక్కి కింద నిలబెట్టారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

కంప్యూటర్ లేచింది. ఫైలు తెరుచుకుంది. నేను ఏడ్చినంత పనిచేశాను. రెండు రోజులు కూర్చుని ఇల్లంతా సిద్ధం చేసి, చివరి బొమ్మ తీయమని ఆజ్ఞ ఇచ్చాను. గంట తిరక్కుండా కంప్యూటర్ ఠక్కున ఆరిపోయింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఆరింది. పొద్దున పెట్టినా అంతే, మధ్యాహ్నం పెట్టినా అంతే. నెలాఖరు దగ్గరపడుతోంది. నా ధైర్యం కూడా ఆరిపోతూ వచ్చింది.

మా అత్తగారు కార్డు పెట్టెలో పెట్టించుకుని మళ్ళీ జంక్షన్ బయల్దేరదీశారు. షాపులో నలుగురు కొనేవాళ్ళున్నారు. వాళ్ళందరి ముందూ, పైకి నున్నగా ఉండి లోపల పుచ్చిన కాయ అంటగట్టారని షాపాయన్ని దులిపేశారు. ఆయన ఎదురు చెప్పకుండా కార్డుని తన కంప్యూటర్లో బిగించి, బరువైన పని పెట్టి, మమ్మల్ని కూర్చోబెట్టి నిమ్మసోడా తెప్పించాడు. సాయంత్రం దాకా నడిచింది. ఒక్కసారీ ఆగలేదు. మా అత్తగారు సోడా తాగలేదు.

మర్నాడు పొద్దున కార్డు మళ్ళీ బిగిద్దామని చూస్తే, దాని ఫ్యాన్ల రెక్కలకి సన్నటి గడ్డి పొట్టు పట్టి ఉంది. ఇంత కొత్త కార్డుకి ఇంత చెత్త ఎలా వచ్చిందా అని తుడిచి పెట్టాను. కార్డు వేడి ఎంతో చూపించే అంకె ఒకటి తెర మీద ఉంటుంది. షాపులో పని మొదలెట్టకముందు చూసిన అంకె గుర్తుంది నాకు. ఇక్కడ ఏ పనీ పెట్టకముందే దాన్ని దాటిపోయి ఉంది. ఇదేమిటత్తయ్యా, ఊరికే ఉన్నా కాలిపోతోందన్నాను.

ఆవిడ అప్పుడు గదిలో రెండో వైపు, రోజూ చేసినట్టే గడ్డిలో చెయ్యి దూర్చి కాయలు ఎంతవరకొచ్చాయో చూస్తున్నారు. మాగే కాయ వేడి పుట్టిస్తుంది. గడ్డి ఆ వేడిని బయటికి పోనివ్వదు. అందుకే కదా గడ్డిలో పెట్టేది. ఆ సంగతి మా మామిడి ఊళ్ళల్లో పిల్లలకి కూడా తెలుసు. తెలిసీ మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆవిడ ఒక చెయ్యి గడ్డిలోనే ఉంచి, రెండో చెయ్యి చాచి కంప్యూటర్ పెట్టె మీద పెట్టారు.

"కార్డు మంచిదేనమ్మా. దాన్ని కూడా మాగబెట్టేశాను నేను" అన్నారు.

హాల్లోకి మార్చేస్తాను, ఏదోలా సర్దుకుంటాను అన్నాను. హాలంటే పడమటెండ, టీవీ, వచ్చేపోయే జనం. ఆవిడ వినిపించుకోలేదు. మా వారిని పిలిచి తన నవారు మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టించారు. గదిలో గడ్డంతా ఎత్తించి తన మంచం కింద పరిపించారు. కాయలన్నీ ఆవిడే ఒక్కొక్కటీ తొడిమ కిందికి ఉండేలా పేర్చారు. ఆవిడ కాపురానికొచ్చిన నాటి నుంచి ఆ గది కాయలదే. ఆవిడకి అత్తగారు పెట్టిన ఏర్పాటు అది. ఒక్క పూటలో మార్చేశారు. రోహిణి ఎండల్లో మాగే కాయల మీద పడుకుంటే ఉడికిపోరా అంటే, నవారు మంచం కదా, గాలాడుద్దిలే అన్నారు. గాలేం ఆడలేదు. ఆ ఏడు ఆవిడ ఒంటి నిండా చెమటకాయలు. అడిగితే ఎండలన్నారు.

గది చల్లబడింది. బొమ్మ పూర్తయింది. నెలాఖరుకి ముందే పంపాను. ఆ సాయంత్రమే మేడమ్ దగ్గర్నుంచి ఇంకో ఇంటి ఫైలు వచ్చింది. పరిగెత్తుకెళ్ళి చెబితే, మంచిది, పాపకి పాలు పట్టావా అన్నారు. మెచ్చుకోవడం ఆవిడకి చేతకాదు. కానీ మర్నాడు చూస్తే ఇంట్లో లేరు. చిన్నరసాల బుట్ట ఒకటి పట్టుకుని బస్సెక్కి ఒక్కరే జంక్షన్ వెళ్ళారట. షాపులో జనం ఉన్నప్పుడు చూసి, మీ కార్డు మంచిదండి, తప్పు మాది, కాయల వేడిలో పెట్టాం అని చెప్పి వచ్చారట. ఎందుకత్తయ్యా అంత దూరం, ఫోన్ చేస్తే పోయేది కదా అన్నాను. "తిట్టింది నలుగురిలో కదా. ఒప్పుకునేది చాటుగానా?" అన్నారు. ఈ మాట నేను చాలా చోట్ల పాటించబోయి, చాలాసార్లు ఓడిపోయాను. ఆవిడకి ఎలా సాధ్యమయ్యేదో మరి.

ఆనాటి నుంచి ఆ గది పేరు ఆఫీసు. ఎవరైనా వచ్చి కోడలేదంటే, ఆఫీసుకెళ్ళిందని చెప్పేవారు. నేను తలుపవతల ఉండి వింటూనే ఉండేదాన్ని. నా బొమ్మ తయారవడానికి గంటలు పడుతుంది. అంతసేపు కంప్యూటర్ ఏం చేస్తుందని ఒకసారి అడిగితే, వెలుగు ఎక్కడెక్కడ పడుతుందో నెమ్మదిగా లెక్కేసుకుంటుంది, మధ్యలో ఆపితే బొమ్మంతా చుక్కలు చుక్కలుగా వస్తుందన్నాను. తొందరపడి తీస్తే పులుపే మరి అన్నారు. అప్పట్నుంచే ఆ ప్రశ్న మొదలైంది. మాగిందా బొమ్మ? మాగిందంటే వచ్చి ఇనుముని తాకి, కళ్ళకద్దుకుని, తెర ముందు నిలబడి చూసేవారు. చూసి ఊరుకునేవారు కాదు. ఇంత ఇంట్లో అంట్లు తోమే చోటేదన్నారు ఒకసారి. జాడీలు ఎక్కడ పెడతారన్నారు ఇంకోసారి. నేను ఆ రెండు మాటలూ నావే అన్నట్టు మేడమ్‌కి చెప్పాను. వాటికి నాకు మంచి పేరొచ్చింది. ఆ సంగతి చెబితే ఆవిడ గట్టిగా నవ్వారు.

ఆవిడని తోట నుంచి తీసుకొచ్చిన రోజు, హాల్లో జనం ఉండగా, దీపానికి కొత్త ఒత్తుల కోసం నేను ఆఫీసు గదిలో గూటి దగ్గరికి వెళ్ళాను. తెర మీద బొమ్మ పూర్తయి ఉంది. ఎవరిదో ఇల్లు. వరండా మీద పొద్దుటి ఎండ పడుతోంది. ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడ సిద్ధంగా ఉంది. చెప్పడానికి ఆవిడ లేరు. అప్పుడు ఏడ్చాను.

పెద్దకర్మకి ఇంకా రోజులున్నాయి. నిన్న మా వదిన, అంటే మా వారి అక్క, మెత్తగానే ఒక మాట తెచ్చింది. పోయినవాళ్ళ మంచం ఇంట్లో ఉంచుకోకూడదు, ఎవరికైనా ఇచ్చేద్దామంది. మంచం పోతే కింద కాయలకి చోటుండదు, వాటిని ఎప్పటిలా గదిలోకి మార్చేద్దాం, నీ కంప్యూటర్ హాల్లో పెట్టుకో, కొంచెం అడ్జస్ట్ అవ్వమ్మా అంది. వదిన చెడ్డది కాదు. ఆ గది కాయలదిగా ఉన్నప్పుడు ఆ ఇంట్లో పెరిగిన పిల్ల. అయినా నాకు షాపులో మా అత్తగారు నా వంక చూసిన చూపు గుర్తొచ్చింది.

"మనుషులం ఎంతైనా సర్దుకుందాం వదినా. ఆ గది మాత్రం అత్తయ్య నాకిచ్చారు. అది కదలదు" అన్నాను.

గొంతు పెంచలేదు. తగ్గించనూ లేదు. వదిన గడ్డి తీసేద్దామని మంచం పక్కన కూర్చుని లోపలికి చెయ్యి పెట్టి, అలాగే ఆగిపోయింది. అమ్మ పెట్టిన కాయలేనా అని అడిగింది. అవును, పోయే ముందు రోజు సాయంత్రం పేర్చారన్నాను. మాగే కాయని మధ్యలో కదపకూడదన్నది వదినకి నాకన్నా ముందే తెలుసు. చెయ్యి బయటికి తీసి, చెదిరిన గడ్డిని మళ్ళీ సర్దింది. మంచం సంగతి తర్వాత చూద్దాంలే అంది చివరికి, అచ్చం వాళ్ళ తమ్ముడిలాగే.

ఈ పొద్దున స్నానం చేసి ఆఫీసుకెళ్ళాను. ఇనుముని తాకి, చెయ్యి కళ్ళకద్దుకుని, కొత్త ఇంటి బొమ్మ మొదలుపెట్టాను. అది లెక్కల్లో పడ్డాక బయటికొచ్చి ఆవిడ మంచం దగ్గర కూర్చున్నాను. పక్క బట్టలు తీసేశారు. నవారు మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది. వంగి కింద గడ్డిలో చెయ్యి పెట్టాను. ఇంకా వెచ్చగానే ఉంది.